కబురు పంపినం

మొన్న మా వీధి చివర ఉండే కుర్ర వకీలు ఒకాయన నన్ను పంచాయితీకి పిలిచాడు. వెళ్ళేసరికి ఆయన ఇంటి అరుగు మీద ఒక ముసలి రైతు కూర్చొని మొత్తుకుంటున్నాడు. వాయిదా ఉన్నట్టు తనకు తెలియదట, రాలేదని కేసు కొట్టేశారట. కుర్ర వకీలు మాత్రం నిమ్మళంగా కుర్చీలో కూర్చున్నాడు.

"నా తప్పేముంది సార్? ఫోన్‌ల మెసేజ్ పెట్టినం. చూసుకోకుంటె నేనేం చెయ్యాలె?"

"ఈయనకు చదువొస్తదా?"

"రాదు సార్. కొడుకు ఫోన్‌కు పెట్టినం."

ముసలాయన తల ఎత్తాడు. "వాడు నాతోని మాట్లాడకనే ఏండ్లాయె గద సారూ."

నాకు ఒళ్ళు మండింది. ఆ కుర్రాణ్ణి నాలుగు మాటలన్నాను, అనవలసినవే అన్నాను. ఇంటికి వచ్చినా కోపం చల్లారలేదు. ఎందుకంటే ఆ మాట నాకు కొత్త కాదు. ఎనభైల చివర, నేను వకీలుగా కాలు నిలదొక్కుకుంటున్న రోజుల్లో, ఇదే మాటను ఇంకో రూపంలో విన్నాను. అప్పుడు మెసేజీలు లేవు. "కబురు పంపినం" అనేవాళ్ళు. పంపడంతో తమ పని అయిపోయిందనుకునేవాళ్ళు. చేరిందా లేదా అన్నది కబురు చూసుకోవాలి, లేకపోతే దేవుడు చూసుకోవాలి.

ఇది చదివే కుర్ర వకీళ్ళకు కోపం వస్తే రానీయండి. నేను చెప్పేది ఒక్క కేసు గురించే.

నేను నారాయణపేటలో చీరలు నేసే ఇంట్లో పుట్టాను. బడికి పోయింది తక్కువ. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకొని, బీఏ దాకా పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి రాశాను. లా డిగ్రీ చేతికి వచ్చేసరికి నా తోటివాళ్ళకు తలలు నెరవడం మొదలైంది. అందుకని నల్లకోటు వేసుకున్న కొత్తలో బార్‌లో నాకు పెద్ద మర్యాద ఉండేది కాదు. నేనూ దాని కోసం ఎదురు చూడలేదు.

మాది చిన్న మున్సిఫ్ కోర్టు. మక్తల్ దిక్కు పల్లెల కేసులు ఎక్కువగా వచ్చేవి. వానకు పంట పండితే పండినట్టు, లేకపోతే మూట కట్టుకొని పనికి పోవాల్సిందే. ఊళ్ళకు ఊళ్ళు మేస్త్రీల వెంట కాలువ పనులకూ డ్యామ్ పనులకూ పోయేవి. పోయినవాళ్ళకు కోర్టు వాయిదా ఎలా తెలియాలి?

వాయిదాను మా జనం పేషీ అంటారు. పేషీ తెలియజేయడానికి మా కోర్టులో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం కోర్టు లేచే వేళకు వకీళ్ళ గుమాస్తాలు వరండాలో నిలబడి కేకేసేవాళ్ళు. "ఓ పెద్దమనిషీ, మీదే ఊరు?" ఆయన ఊరు చెప్పేవాడు. "మీ ఊర్ల ఫలానాయనకు పున్నమి ఎల్లినంక పేషి ఉందని చెప్పు." "చెప్త తియ్యి." అంతే. ఆ కబురు ఆయన తువ్వాల కొంగున బీడీలతో పాటు కట్టుకొని పోయేది. ఊరి మనిషికి ఊరి మనిషి చెప్పడం మా దగ్గర ధర్మం లాంటిది కాబట్టి చాలా కబుర్లు చేరేవి కూడా. నేను దాన్ని తప్పు పట్టను. కానీ చాలా చేరేవి అంటే, కొన్ని చేరేవి కావు అనే కదా అర్థం. ఆ కొన్నిటి గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

నేను అలా కేకేసేవాణ్ణి కాదు. వారపు అంగడి రోజు బస్సెక్కి మక్తల్ పోయి, ఒక చెప్పుల దుకాణం ముందు కూర్చునేవాణ్ణి. నా పార్టీలు, అంటే నా దగ్గర కేసులున్నవాళ్ళు, ఉల్లిగడ్డలు కొనడానికో మేకను అమ్మడానికో వస్తారు. వచ్చినవాళ్ళకు పేషీ చెప్పి, వాళ్ళ నోటితో మళ్ళీ చెప్పించుకొని పంపేవాణ్ణి. ఇది చూసి బార్‌లో నాకు "అంగడి వకీలు" అని పేరు పెట్టారు. వెక్కిరించడానికి పెట్టారు. జనం మాత్రం ఆ పేరు పట్టుకొని నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆమె కూడా అలాగే వచ్చింది.

అప్పటికి ఆమెకు యాభై ఉంటాయేమో. చేతులు సిమెంటుకు పగిలి ఉన్నాయి. పీర్ల పండుగకని పని నుంచి ఊరికి వచ్చిందట. గుమ్మంలో నిలబడి ముందు నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అంగడి వకీలువు నువ్వేనా?"

"నేనే. రా అక్కా, కూసో."

"కూసునుడు తర్వాత. నా చెలక పోయిందంట. నాకు తెల్వకుంట నా చెలక ఎట్ల పోతది?"

విషయం ఇది. ఆమె భర్త చనిపోయాడు. ఆయన పెద్దనాయిన కొడుకు, అంటే ఆమెకు బావ వరస, ఆ చెలక, ఆ మెట్టచేను, తనదని దావా వేశాడు. తమ్ముడు బతికి ఉండగానే సాదా కాగితం మీద వేలిముద్ర వేసి అమ్మాడని ఆయన మాట. ఆమె మా కోర్టులోకెల్లా పెద్ద వకీలును పెట్టుకుంది. ఆయన జవాబు దావా వేశాడు. ఆ తర్వాత ఆమె బిడ్డ, అల్లుడితో కలిసి కర్ణాటకలో కాలువ పనికి పోయింది. పోయేముందు వకీలు ఆఫీసుకు వెళ్ళి చెప్పిందట: "సారూ, పేషి ఉంటె ఊర్ల మా వియ్యపురాలికి కబురు చెయ్యుర్రి. మేస్త్రి మనిషి జొన్నలు తీస్కపోను వచ్చిపోతుంటడు. ఆయన నాకు చెప్తడు."

పండుగ ముందురోజు కోర్టు అమీను చెలక స్వాధీనం చేయించడానికి వారంటు పట్టుకొని వచ్చాడు. అప్పుడు తెలిసింది ఆమెకు, తాను లేకుండానే తీర్పు అయిపోయిందని. అమీను మంచివాడు. "పండుగ ఎల్లేదాక నేను మల్ల రాను. జల్ది వకీలు దగ్గరికి ఉరుకమ్మా" అని చెప్పి పోయాడు.

"మరి మీ వకీలు దగ్గరికి పోయినవా?"

"పోయిన. కబురు పంపినం, నువ్వే రాలేదన్నడు. ఎవరితోని పంపినవయ్యా అని అడిగిన. మా వియ్యపురాలు చెవిటిది గాదు, గుడ్డిది గాదు. ఆమెకు చెప్పినోడు లేడు."

ముందు అమలు ఆపించాను. తర్వాత, పద్ధతి ప్రకారం, పెద్ద వకీలు దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తెలివిగలవాడు. బీదవాళ్ళ దగ్గర ఫీజు గురించి పట్టించుకునేవాడు కాదు. ఆయన లేచి వాదిస్తుంటే హాలు నిశ్శబ్దమయ్యేది. కానీ కేసంటే ఆయనకు కాగితాలూ సెక్షన్లే. ఆ కాగితాల వెనుక మనిషి ఎక్కడో కాలువ గట్టు మీద తట్ట మోస్తూ ఉంటుందన్న సంగతి ఆయన దాకా వెళ్ళేది కాదు.

"కబురు పంపినం" అన్నాడు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "రాలె. ఇంకో పేషి తీస్కున్న. దానికి గూడ రాలె. నో ఇన్‌స్ట్రక్షన్స్ అని చెప్పి తప్పుకున్న."

కుర్ర వకీళ్ళకు ఈ మాట తెలుసు. పార్టీ నుంచి నాకు ఏ సూచనా లేదు అని జడ్జికి చెప్పి వకీలు పక్కకు జరగడం. అక్కడితో పార్టీ దిక్కు లేనిదవుతుంది, తీర్పు ఎదుటివాడికి పోతుంది. ఆమె నుంచి మనకు సూచన రాలేదు సరే, మన నుంచి ఆమెకు సూచన పోయిందా? ఈ ప్రశ్న ఏ కోర్టూ అడగకుండానే ఎన్ని చెలకలు పోయాయో!

"ఎవరితోని పంపిర్రు సార్?"

"ఊరాయనతోని. గుమాస్తా పంపిండు. పేరు నేనడుగుతనా?" ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. "నువ్వు కొత్తోనివి, చెప్తున్న ఇను. పచ్చకామెర్లు రాయి. డాక్టర్ సర్టిఫికెట్ మా గుమాస్తా తెప్పిస్తడు. తీర్పు కొట్టేపిచ్చుకో. నేను అడ్డం రాను."

ఇది ఆయన ఒక్కడి సలహా కాదు. మా కోర్టు ఆచారం. వాయిదాకు రాని పార్టీ తరఫున మళ్ళీ విచారణ కోరుతూ అర్జీ పెట్టాలంటే, రాకపోవడానికి తగిన కారణం చూపించాలి. మా దగ్గర కారణం ఎప్పుడూ పచ్చకామెర్లే. టైఫాయిడ్ అయితే రక్తపరీక్ష అడుగుతారు, కాలు విరిగితే ఎక్స్‌రే అడుగుతారు. కామెర్లకు ఆకు పసరు తాగాను అంటే ఇంక అడిగేది లేదు. మా కోర్టు ఫైళ్ళు చూసినవాడు పాలమూరు జిల్లా సగం పసుపు రంగులో ఉందనుకోవాలి. ఆ కామెర్లలో ఎన్ని వకీళ్ళవో, ఎన్ని పార్టీలవో ఆ దేవుడికే తెలియాలి. వకీలు మరిచిపోయాడు అని మాత్రం ఏ అఫిడవిట్‌లోనూ ఉండదు. ఒక వకీలు ఇంకో వకీలు మీద రాయడు, అంతే.

వచ్చి ఆమెకు చెప్పాను. చెప్పాలి కదా, కేసు ఆమెది. ఆమె విని నోరు తెరిచింది.

"పసిరికలు అయినయని చెప్పాల్నా? నాకు తుమ్ము గూడ రాలేదు గద!"

"అందరు అట్లనే చెప్తరక్కా. నువ్వు చెప్పమంటవా వద్దా, అది నీ ఇష్టం."

"నేను ప్రమాణం జేసి పసిరికలన్ననంటె ఆ మాట ఊరికి పోతది. ఊర్లకెల్లి మేస్త్రికి పోతది. పసిరికల్దాన్ని పనిలకు ఎవరు పిలుస్తరు? ఒక్క గుడిసెల ఇంతమందిమి పండుకుంటం." కొంచెం ఆలోచించి మళ్ళీ అంది: "ఇంకోటి. మా దిక్కు పసిరికలకు చేతికి వాత పెడ్తరు. ఆ వకీలు లేసి వాత ఏదని అడిగితె ఏం చూపియ్యాలె? ఇప్పుడు పెట్టిచ్చుకోమంటవా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మరేం చెప్దామంటవ్?"

"ఏమైందో అది చెప్తె కోర్టు ఇనదా?"

"ఇంటదో ఇనదో చెప్పలేను. ఇనకపోతె చెలక పోతది. అది గూడ తెలుసుకోని చెప్పు."

"చెప్పు. నాకు తెల్వలే, తెల్పినోడు లేడు అని చెప్పు."

అలాగే రాశాను. నా వకీలు నాకు వాయిదా తెలియజేయలేదు, అందుకే రాలేదు. తెలుగులో రాసి ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను.

ఆ అర్జీ దాఖలైన మర్నాటి నుంచి బార్ గదిలో నేను కూర్చుంటే పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. "సొంత అన్న లాంటోని మీద రాసిండు" అన్నారు. "మగ్గం గుంతలకెల్లి లేసొచ్చినోనికి గింత పొగరా" అని ఒకాయన నాకు వినపడేటట్టే అన్నాడు. మాట్లాడింది ఒకే ఒక్కడు, ఉర్దూలో దస్తావేజులు చదవగలిగిన ఒక ముస్లిం పెద్దాయన. టీ గ్లాసు పట్టుకొని వచ్చి నా ముందు కూర్చున్నాడు.

"మియా, నువ్వు ఆమె కేసు గెలుస్తవో లేదో గాని, బార్ మొత్తానికి పసిరికలు నయం చేసెటట్టున్నవ్."

"అయితె మంచిదే గద సాబ్?"

"మంచిదే. గాని మందు చేదుంటది. తాగెటోళ్ళు నిన్ను తిట్టకుంట ఉంటరా?"

పెద్ద వకీలు స్వయంగా నా గదికి వచ్చాడు. అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. నిలబడే మాట్లాడాడు.

"ఏందయ్యా, నా మీదనే అఫిడవిట్ రాస్తవా?"

"మీ మీద కాదు సార్. కబురు మీద రాసిన."

"నా గుమాస్తా అబద్ధం చెప్పడు."

"చెప్పడు సార్. కబురు పంపిండు అంటె పంపిండనే నేను గూడ అనుకుంటున్న. చేరలేదంటున్న, అంతే."

"నేనేమన్న ఊరూరికి పోయి చేరిందా అని చూడాల్నా?"

"చూడాలె సార్" అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను. ఆయన తలుపు తీసుకొని వెళ్ళిపోయాడు.

విచారణకు ముందు ఆమె వచ్చినప్పుడు ఒక మాట అడిగాను. "మీ ఊరినుంచి మా కోర్టుకు ఇంకెవరెవరు వస్తరు?"

"ఇంకెవరొస్తరు? మా ఊర్ల కోర్టు కేసు మాదొక్కటే. నేనన్న రావాలె, మా బావోళ్ళన్న రావాలె."

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

విచారణ రోజు హాలు నిండిపోయింది. వకీలు మీద వకీలు అర్జీ అంటే చూడటానికి పని లేనివాళ్ళూ వచ్చారు. పెద్ద వకీలు ముందు వరుసలో చేతులు కట్టుకొని కూర్చున్నాడు. బావ తరఫు వకీలు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన చురుకైన మనిషి. జడ్జి కోస్తా దిక్కు ఆయన, కొత్తగా బదిలీ మీద వచ్చాడు.

ముందు ఆమెను బోను ఎక్కించాను. బావ తరఫు వకీలు లేచాడు.

"చెలక మీద అంత పాణమున్నదానివి, పేషి ఎప్పుడని నువ్వు ఎందుకు అడగలే?"

"కబురు చెయ్యుమని చెప్పిపోయిన. ఇంకేం జేస్త? నా పనికి ఆయన్ని పెట్టుకున్న. పేషి పేషికి నేనే వచ్చి అడుగుడైతె ఆయనెందుకు?"

హాలులో నవ్వు. బంట్రోతు "ఖామోష్" అని అరిచాడు. వకీలు వదల్లేదు.

"కబురు వచ్చినా కూలి పోతదని రాలేదు. అంతేనా?"

"కూలి పోతె మల్ల దొరుకుతది సారూ. చెలక దొరుకుతదా?"

ఆయన కూర్చున్నాడు. కానీ ఆయన చేతిలో ఇంకో సాక్షి ఉన్నాడు. పెద్ద వకీలు గుమాస్తా. కబురు పంపామని గుమాస్తాతో చెప్పిస్తే ఆమె మాట నిలవదని ఆయన లెక్క. గుమాస్తా పెద్దమనిషి, అందరినీ "బిడ్డా" అని పిలుస్తాడు. ఆ రోజు పాన్ కూడా వేసుకోకుండా, ఉతికిన ధోవతి కట్టుకొని వచ్చాడు. ప్రమాణం చేసి గట్టిగా చెప్పాడు, ఫలానా రోజు సాయంత్రం వరండాలో ఆ ఊరాయనకు పేషీ చెప్పి పంపానని.

నేను లేచాను.

"ఊరాయన అంటివి. పేరేంది?"

"పేరడగలె బిడ్డా. ఊరు అడిగిన. ఊరు కలిసింది. చెప్పిన."

"ఎందుకొచ్చినవ్, ఎవరి తరఫున వచ్చినవ్ అని అడిగినవా?"

"ఎందుకడుగుత? ఊరోళ్ళంత ఒక్కటే గద."

"చూస్తె గుర్తు పడ్తవా?"

"మంచిగ పడ్త! ఎర్ర రుమాలు తలపాగ. పెద్దమనిషి. నేను బీడీ ఇస్తె గూడ తీస్కుండు."

జడ్జి అనుమతి తీసుకొని, హాలులో ఉన్నాడేమో చూడమన్నాను. బావ తరఫు వకీలు అభ్యంతరం చెప్పడానికి లేవబోయే లోపే గుమాస్తా మొహం వెలిగిపోయింది. పోయిన మేక దొరికినవాడి లాగా చెయ్యి చాపాడు.

"అగో, గాయననే! గా కిటికి కాడ కూసున్నయన! ఓ పెద్దమనిషీ, జర లేసి చెప్పు, నీకు నేను చెప్పినానా లేదా?"

కిటికీ దగ్గరి ఆయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. "చెప్పినవ్" అన్నాడు. అన్న తర్వాత ఎక్కడున్నాడో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

జడ్జి కలం పక్కన పెట్టారు. "మీరు ఎవరండీ?"

"నేను... మా బావ తోని వచ్చిన సార్."

"మీ బావ ఎవరు?"

 ఆయన చూపు తిన్నగా వెళ్ళి దావా వేసిన మనిషి మీద నిలిచింది. ఆయన బామ్మర్ది ఈయన. దావా మొదలైనప్పటి నుంచి ప్రతి పేషీకి బావకు తోడుగా వస్తున్నవాడు.

"మరి ఆవిడకు కబురు చెప్పారా?" అని అడిగారు జడ్జి.

"చెప్దామనే అనుకున్న సార్" అన్నాడు ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకొని. "ఆమె ఊర్ల లేకపాయె."

బంట్రోతు ఎన్ని సార్లు అరిచినా నవ్వు ఆగలేదు. బావ తరఫు వకీలు తన పార్టీ వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పాపం, ఈ సంగతి ఆయనకూ ఎవరూ చెప్పలేదు. నేను ఇంకేమీ అడగకుండా కూర్చున్నాను. అడిగేందుకు ఏమీ మిగల్లేదు.

నవ్వనివాడు గుమాస్తా ఒక్కడే. బోను కటకటాలు పట్టుకొని అలాగే నిలబడ్డాడు. "బిడ్డా, నేను మంచిగనే చెప్పిన గద" అన్నాడు మెల్లగా, నాతో కాదు, ఆమెతో. ఆమె తల ఊపింది. "నువ్వు మంచిగనే చెప్పినవయ్యా. చెప్పేది నాకు చెప్పలే."

అప్పుడు పెద్ద వకీలు లేచాడు. ఆయన లేస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకొని, ఆమెకు వాయిదా తెలియలేదని తాను ఇప్పుడు నమ్ముతున్నాననీ, నో ఇన్‌స్ట్రక్షన్స్ అని తాను చెప్పడం తొందరపాటనీ, తీర్పు కొట్టివేస్తే తనకు సంతోషమనీ రెండు వాక్యాల్లో చెప్పి కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి నిండు హాలులో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. కానీ నాతో మాత్రం ఆ తర్వాత చాలాకాలం మాట్లాడలేదు. బార్‌లో కూడా నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. వరండాలో గుమాస్తాల కేక ఒక్కటి మారింది. "ఓ పెద్దమనిషీ, మీదే ఊరు?" తర్వాత "నువ్వు ఏ పార్టీ?" అని కూడా అడగడం మొదలుపెట్టారు. నాకు ఆ మెప్పు చాలు.

తీర్పు కొట్టివేశారు. దావా మళ్ళీ మొదటి నుంచి నడిచింది. ఆమె మళ్ళీ కాలువ పనికి పోయింది. నేను ప్రతి పేషీ ముందు మేస్త్రి మనిషిని అంగడిలో పట్టుకొని చెప్పేవాణ్ణి, ఆమె వియ్యపురాలికి వేరే చెప్పేవాణ్ణి, మళ్ళీ వారం "చేరిందా?" అని అడిగేవాణ్ణి. ఒక్క పేషీ తప్పలేదు. సాక్ష్యం రోజు ఆ సాదా కాగితం మీది వేలిముద్ర ఆమె భర్తది కాదని తేలింది. ఇది నా గొప్ప కాదు, అది ఆయన వేలు కాదు కాబట్టి తేలింది. కానీ ఆమె అక్కడ ఉండి, ఆయన పాత వేలిముద్రలు చూపించబట్టి తేలింది.

ఇక్కడ కుర్ర వకీళ్ళకు ఒక మాట. కేసు మనది కాదు. మన టేబుల్ మీద ఉన్నంత మాత్రాన మనది అయిపోదు. వాయిదా చెప్పడం మనం చేసే ఉపకారం కాదు. వాళ్ళ వస్తువు ఎక్కడుందో వాళ్ళకు చెప్పడం. మీ ఫోన్‌లో రెండు గీతలు నీలంగా మారితే చేరినట్టు కాదు. ఆ మనిషి నోటితో మీకు తిరిగి వినపడితే చేరినట్టు. ఇంతకంటే న్యాయశాస్త్రం నాకు రాదు.

తీర్పు రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

జడ్జి ఇంగ్లీషులో రెండు ముక్కలు చదివి తర్వాతి కేసు పిలిచారు. ఆమె బెంచీ మీద అలాగే కూర్చుంది. బావ కూడా ఇటు బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. ఆయన వకీలు ఆ రోజు మహబూబ్‌నగర్‌లో ఇంకో కేసుకు పోయాడు. బదులుగా వచ్చిన జూనియర్ ఎవరో కాగితం మీద ఏదో గీసుకొని వెళ్ళిపోయాడు. నేను ఆమెను వరండాలోకి తీసుకొచ్చాను.

"గెలిచినవక్కా. దావా కొట్టేసిర్రు. చెలక నీదే."

"నిజమా?"

"నిజం. ఇగ పేషి లేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కళ్ళు కాదు, మొహం మొత్తం, పని నుంచి వచ్చినప్పుడు తుడుచుకున్నట్టు. తర్వాత చుట్టూ చూసింది.

"మా బావకు చెప్పిర్రా?"

"ఆయన వకీలు చెప్పుకుంటడు తియ్యి."

"ఆయన వకీలు రాలే గద. నేను చూసిన."

బస్టాండు దాకా ఆమెతో నడిచాను. అక్కడ బావ, బామ్మర్ది మిర్చి బజ్జీలు తింటూ నిలబడ్డారు. ఇద్దరి మొహాలూ నిమ్మళంగా ఉన్నాయి. ఆమె అటు కదిలింది. నేను కొంగు పట్టి ఆపినంత పని చేశాను.

"ఎందుకక్కా? ఇప్పుడు తెలిస్తె వెంటనే అప్పీలుకు పోతడు. తెల్వకుంట కొన్ని దినాలు పోతె ఆయనకు గడువే ఉండదు. నీ వకీలుగ చెప్తున్న, ఊకో."

"అప్పీలు పెట్టుకుంటె పెట్టుకోని. కొట్లాడి ఓడిపోని" అంది. "తెల్వక పోయింది అని మాత్రం అనొద్దు."

వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"బావా, నువ్వు ఓడిపోయినవ్."

బజ్జీ ఆయన నోటి దగ్గరే ఆగింది. "ఎవరన్నరే?"

"జడ్జి అన్నడు. ఇంగ్లీషుల అన్నడు. మా వకీలుసాబ్ తెలుగుల చెప్పిండు. నీకెవరు చెప్పలేదా?"

"మా చిన్న వకీలు, మల్ల కబురు చేస్త అన్నడు..."

"ఏం చెయ్యడు. అప్పీలు పెట్టుకుంటవో ఏం చేసుకుంటవో, దినాలు పోకముందే చేసుకో."

బావ నా వైపు తిరిగాడు. నేను తల ఊపాను, నిజమే అన్నట్టు. ఆయన చేతిలోని బజ్జీ కాగితంలో పెట్టి, కాగితం బామ్మర్ది చేతిలో పెట్టి, నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"వకీలుసాబ్, అప్పీలు గిన పెడితె... నా కేసు జర నువ్వే పట్టరాదు?"

నేను నోరు తెరిచేలోపే ఆమె మధ్యలోకి వచ్చింది.

"ఛల్ బావా! ఆయన నా వకీలు."

అంతలో మక్తల్ బస్సు వచ్చింది. వాళ్ళ ఊరికి పోయే బస్సు అదొక్కటే. ముగ్గురూ తోసుకుంటూ అందులోకే ఎక్కారు.